పదిహేను అడుగుల తీగ

మా ఆయన కోటు ఉతకడం ఒక పెద్ద పని. నారింజ రంగు గుడ్డ మీద వెండి పట్టీలుంటాయి. గట్టిగా రుద్దితే పట్టీలు లేచిపోతాయి, రుద్దకపోతే కాలర్ నల్లగానే ఉండిపోతుంది. అందుకని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కాలర్ మటుకు వేళ్లతో నలిపి, పట్టీలను మెత్తటి గుడ్డతో తుడిచి, తిరగేసి ఆరేయాలి. వారానికి మూడుసార్లు. "సేఫ్టీ ఆఫీసర్ కోటే మాసిపోయి ఉంటే ఇక పనివాళ్లు ఎవరి మాట వింటారు?" అంటాడు. ఆ రోజు కూడా పొద్దున్నే దాన్ని దండెం మీద వేసి, పక్కనే నా పని చొక్కా వేస్తుంటే అత్తయ్య వరండాలోంచి చూసింది. "అదేం చొక్కానే, జల్లెడలా ఉంది! వీధిలోకి కనబడేలా ఆరేయకు. చూసేవాళ్లు మేమేదో నిన్ను కాల్చుకు తింటున్నామనుకుంటారు" అంది. చొక్కా తీసి వంటింటి వెనక గోడకు, మేకుకు తగిలించాను. అక్కడ ఎండ రాదు. పనికి వేళయ్యేసరికి అది ఆరలేదు. నాకున్నది అదొక్కటే. తడి చొక్కానే తొడుక్కుని వెళ్లాను.

ఆ చొక్కాకు చిల్లులు ఎలా పడ్డాయో అత్తయ్యకు తెలియదు. మా ఆయనకు తెలుసు.

మేమిద్దరం ఒకచోటే పనిచేస్తాం. ఊరి చివర కొత్తగా కడుతున్న సబ్‌స్టేషన్ అది. పైన స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ రాకముందే నేల కింద రాగి తీగలతో పెద్ద వల పరవాలి. పిడుగు పడినా, యంత్రంలో కరెంటు దారి తప్పినా, మనుషుల ఒంట్లోంచి పోకుండా ఆ వల దాన్ని భూమిలోకి దింపేస్తుంది. ఆ వలలో తీగకూ తీగకూ, తీగకూ కడ్డీకీ మధ్య అతుకులు వేసేవాళ్లం ఇద్దరమే, నేనూ గంటక్కా. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. వెలిగించే ముందు కందకంలోంచి "జరగండీ!" అని అరిచిందంటే గేటు దగ్గర కాపలా మనిషి కూడా రెండడుగులు వెనక్కేస్తాడు. నాకీ పని చెయ్యి పట్టి నేర్పింది ఆమే.

మా అతుక్కి కరెంటు అక్కర్లేదు. రెండు చేతుల్లో పట్టేంత గ్రాఫైట్ అచ్చు ఉంటుంది. అందులో తీగల కొసలు ఎదురెదురుగా పెట్టి బిగిస్తాం. పైన గిన్నెలాంటి భాగంలో చిన్న రేకు బిళ్ల వేసి, దాని మీద పొడి పోస్తాం. ఆ పొడిని మేం మందు అంటాం. "మీ కోడలు రోజూ మందు మీదే ఉంటుందండీ" అని గంటక్క ఒకసారి మా అత్తయ్యతో హాస్యమాడితే ఆవిడ నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. మందుకు నిప్పు తగలగానే కళ్లు చెదిరే వెలుగొస్తుంది. రెండు మూడు క్షణాల్లో పొడి కాస్తా కరిగిన రాగి అయి, కిందికి జారి, రెండు తీగల్నీ ఒక్కటి చేసేస్తుంది. అచ్చులో చెమ్మ ఉంటే మాత్రం రాగి కిందికి జారదు. చెమ్మ ఆవిరై దాన్ని పైకి ఎగజిమ్ముతుంది. అందుకే ప్రతిసారీ ముందు గ్యాస్ మంటతో అచ్చును కాచి ఆరబెట్టాలి. ఇక నిప్పు వేసేది స్పార్క్ గన్‌తో. కందకంలో మోకాళ్ల మీద కూచుని, చెయ్యి చాపి, మూత అంచున గన్ నొక్కి, వెంటనే చెయ్యి వెనక్కి లాక్కోవాలి. ఎంత లాక్కున్నా ఆ చెయ్యి ఉండేది నా ఒంటికే కదా. చిల్లులు అలా పడ్డవే. మణికట్టు మీది మచ్చలూ అలా పడ్డవే.

అసలు అలా వెలిగించనక్కర్లేదు. మా స్టోరులో ఒక నల్ల పెట్టె ఉంది. బ్యాటరీతో పనిచేస్తుంది. దానికి పదిహేను అడుగుల తీగ. తీగ కొసకు ఒక వత్తి తగిలించి, ఆ వత్తిని మందులో గుచ్చి, కందకం ఎక్కి దూరంగా వచ్చేసి రెండు బొత్తాలూ కలిపి నొక్కితే చాలు, అక్కడ అంటుకుంటుంది. ఒక అతుక్కి ఒక వత్తి. ఆ పెట్టె వచ్చి ఏడాదైంది. తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజు బల్ల మీద పెడతారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ స్టోరులోకి వెళ్లిపోతుంది. "ఆడవాళ్ల చేతికిస్తే వారంలో బొత్తాలు ఊడగొడతారు" అన్నాడు మేనేజర్ ఒకసారి. మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడని నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే పళ్లు కొరకాలనిపిస్తుంది.

మా ఆయన మొదట్లో స్టోరు గుమాస్తా. సేఫ్టీ ఆఫీసర్ పరీక్ష రాస్తానని పుస్తకం తెచ్చుకున్నాడు కానీ, రెండు పేజీలు చదివేసరికి ఆవులింతలు. చదివింది నేను. పనినుంచి వచ్చి, వంట చేసి, ఆయన భోంచేస్తుంటే ఎదురుగా కూచుని ఆ పుస్తకం వినిపించేదాన్ని. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకాన్నీ వదల్లేదు. తర్వాత ప్రశ్నలు అడిగేదాన్ని. "కరిగిన లోహం దగ్గర మనిషి ఎందుకు నిలబడకూడదు?" "చిందొచ్చు కాబట్టి." "ఎంత దూరంలో ఉండాలి?" "పదిహేను అడుగులు. ఇంకొంచెం కూర వెయ్యి." పాసయ్యాడు. తెల్ల హెల్మెట్ వచ్చింది. అత్తయ్య వీధి వీధంతా తిరిగి, తన కొడుకు ఎంతమంది ప్రాణాలు కాపాడతాడో చెప్పొచ్చింది. ఇంట్లోకి వచ్చి నన్ను చూసి, "నిప్పు దగ్గర కూచునేదానికి ఇక కడుపేం పండుతుందిలే" అంది. మానేస్తానని నేనంటే మానొద్దనేది మళ్లీ ఆయనే.

ఆ రోజుకు ముందురోజంతా వాన. అచ్చులు పెట్టే డేరా కారింది. మేం వెళ్లేసరికి గ్యాస్ సిలిండర్ ఖాళీ. మధ్యాహ్నానికి కాంక్రీటు లారీలు వస్తాయి. ఆలోగా పన్నెండు అతుకులు పడి కందకం పూడిపోవాలి. "గుడ్డతో తుడిచి కానివ్వండి" అన్నాడు మేనేజర్. గంటక్క అచ్చును చెంపకు ఆనించుకుని చూసింది.

"నీళ్లు తాగేసింది సార్ ఇది. సిలిండర్ వచ్చేదాకా ఆగుదాం."

"నీ సిలిండర్ కోసం లారీలు ఆగవమ్మా."

నేను గట్టు మీద నిలబడ్డ మా ఆయన దగ్గరికి వెళ్లాను. "ఏవండీ, పోనీ ఆ పెట్టె అయినా తీయించండి. దూరం నుంచి వెలిగించుకుంటాం" అన్నాను.

"ఇప్పుడా? స్టోరు తాళం మేనేజర్ దగ్గరుంది. నలుగురిలో నన్ను ఇరకాటంలో పెట్టకు. రోజూ చేసే పనేగా" అన్నాడు. మెల్లగా, నవ్వుతూనే అన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు ఇలాగే ఉంటుంది.

మొదటి అతుకు నేను వేయాల్సింది. కందకంలోకి దిగి మోకాళ్ల మీద కూచున్నాను కూడా. గంటక్క నా భుజం పట్టుకుని, "ఇదేంటే, చొక్కా తడిగా ఉంది?" అంది. తడిబట్ట మీద నిప్పురవ్వ పడితే ఆవిరై ఒంటిని ఉడికించేస్తుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆమే. "లే, లే. నేను వేస్తా. నువ్వు ఎండలో నిలబడి ఆరబెట్టుకో" అని నన్ను పైకి తరిమింది. నేను గట్టెక్కాను. మా ఆయన కందకంలోకి చూసి "జాగ్రత్త" అన్నాడు. అనేసి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నేను ఆయన్నే చూస్తున్నాను. రాసుకునే అట్టా, పెన్నూ పట్టుకుని, కొలత వేసుకున్నట్టు నడిచి, సరిగ్గా పదిహేను అడుగుల దగ్గర ఆగాడు. తన దాకా వచ్చేసరికి పుస్తకం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"జరగండీ!" అని అరిచింది గంటక్క. గన్ టక్కుమంది. ఆ వెంటనే, కాగే నూనెలో చెంబెడు నీళ్లు కుమ్మరించినట్టు చప్పుడయింది. మూత ఎగిరి నా కాళ్ల ముందు పడింది. అంత గొంతున్న మనిషి ఆ తర్వాత అరవలేదు. నేను దూకి ఆమెను వెనక్కి లాగేసరికి ఆమె రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, ముఖాన్ని తాకకూడదని తనకు తాను చెప్పుకుంటోంది. మెడ మీద, చెంప మీద రాగి బొట్లు అంటుకున్నాయి. ఒక బొట్టు, పనికి పెట్టుకునే కళ్లద్దాల పక్క సందులోంచి లోపలికి పోయింది. నీళ్ల క్యాన్ తెచ్చి పోస్తూనే ఉన్నాను. మా ఆయన పైనుంచి "అంబులెన్స్, అంబులెన్స్" అంటున్నాడు. దిగలేదు.

కుడికంటి చూపు ఇక రాదని మధ్యాహ్నం డాక్టరు చెప్పింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన బల్ల ముందు కూచుని ఉన్నాడు. ముందు ఒక లావుపాటి రిజిస్టరు, పక్కన తెల్ల కాగితం, పెన్ను.

"రేపు పదింటికి పై ఆఫీసు నుంచి విచారణకొస్తున్నారు. నువ్వు రెండు వాక్యాలు రాసిస్తే చాలు. 'ఆమె అచ్చు ఆరబెట్టలేదు. రిమోట్ పెట్టె వాడమని చెప్పినా వినకుండా గన్‌తో వెలిగించింది.' అంతే."

"పెట్టె వాడమని ఎవరు చెప్పారు?"

"అలా రాయాలి."

"ఆమె కన్ను పోయిందండీ."

"నువ్వు రాయకపోతే పోయిన కన్ను తిరిగొస్తుందా?"

నేను రిజిస్టరు తెరిచాను. అంతకుముందు ఆ పుస్తకాన్ని దూరం నుంచి చూడటమే, ఆయన చంకలో. అతుకు నంబరు. అచ్చు ఆరబెట్టారా? అవును. దూరం నుంచి వెలిగించారా? అవును. వెల్డర్ సంతకం. సేఫ్టీ ఆఫీసర్ సంతకం. రెండు వందల ఆరు అతుకులు, ప్రతిదానికీ రెండు అవునులు. వెల్డర్ గడిలో ఉన్నది నా సంతకం. గంటక్క వేసిన అతుకులకూ నాదే. చివరి అక్షరం కింద నేను తిప్పే సున్నా కూడా అచ్చం నాలాగే తిప్పి ఉంది. నేను మాత్రం ఆ పుస్తకంలో ఒక్కసారీ పెన్ను పెట్టలేదు.

పెళ్లయిన కొత్తల్లో ఆయన నా సంతకం నేర్చుకున్నాడు. నేను పనిలో ఉండగా బ్యాంకు కాగితమో గ్యాస్ కాగితమో వస్తే నాకెందుకు శ్రమ అని తనే పెట్టేసేవాడు. సాయంత్రం నాకు చూపించి, "చెప్పుకో, ఇందులో నీదేది, నాదేది?" అనేవాడు. నేను పోల్చుకోలేకపోతే పడీ పడీ నవ్వేవాళ్లం. "నా చెయ్యి నీ చెయ్యి వేరా?" అనేవాడు. నాకది ఎంత ముద్దుగా అనిపించేదో. నా చెల్లెళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. మొగుడు నా పేరు నేర్చుకున్నాడని మురిసిపోయానే కానీ, నా పేరుతో ఏం చేస్తాడో అడగాలని తోచలేదు.

"ఇది నేను పెట్టలేదు" అన్నాను.

"నువ్వు కందకంలో ఉంటావు, చేతులంతా మట్టి. ప్రతిసారీ పిలిస్తే నీకే ఇబ్బందని నేనే పెట్టాను. నీ కోసమే కదా!" గొంతు ఇంకాస్త తగ్గించాడు. "చూడు, కాగితం ప్రకారం ఇవన్నీ నిజమని చెప్పింది నువ్వు. రేపు ఆవిడ తప్పు అని నువ్వు రాయకపోతే ఇరుక్కునేది ముందు నువ్వే."

అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మొగుడు చెప్పినట్టు రాసిస్తే నీ సొమ్మేం పోయింది? ఆవిడేమైనా నీ తోడబుట్టిందా?" అంది. మళ్లీ కాసేపాగి, "ఏ కన్ను?" అని అడిగింది.

"కుడిది."

ఆవిడ కొంగుతో తన కుడికన్ను ఒత్తుకుంది. ఏదో అంటుందనుకున్నాను. "వంటేం చేస్తున్నావు?" అంది.

వంట చేశాను. వడ్డించాను. గిన్నెలు కడిగాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నా లోపల మాత్రం ఏదో సలసల కాగుతోంది. ఇన్నేళ్లూ నాకు కోపం రాదనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. కోపం వచ్చేది, కాకపోతే దాన్ని ఏ రోజుకా రోజు అంట్లతో పాటు కడిగేసేదాన్ని. చొక్కా వీధిలోకి కనబడేలా ఆరేయొద్దన్నప్పుడు కడిగేశాను. బొత్తాలు ఊడగొడతారన్నప్పుడు కడిగేశాను. ఆ సాయంత్రం గిన్నెలన్నీ తోమి బోర్లించినా అది పోలేదు. తడి చొక్కా తొడుక్కుని వెళ్లింది నేను. ఆ చొక్కాను ఎండలోంచి తీయించింది అత్తయ్య. పెట్టె తీయనిది ఆయన. కన్ను మాత్రం గంటక్కది. పైగా తప్పూ ఆమెదేనట, ఆ మాట నా చేత్తోనే రాయాలట. తెల్ల కాగితాన్ని తెల్లగానే ఉంచి పడుకున్నాను.

పొద్దున్న పదింటికి సైటు ఆఫీసు గదిలో విచారణ. పై ఆఫీసు అధికారి జుట్టు నెరిసిన మనిషి. ఎవరేమన్నా తలెత్తకుండా రాసుకుంటున్నాడు. ఒక పక్క మేనేజర్, ఒక పక్క మా ఆయన. ఉతికిన కోటు.

"ఈ సంతకాలు మీవేనా?" రిజిస్టరు నా వైపు తిప్పాడు అధికారి.

"అవును సార్, ఆవిడవే" అన్నాడు మా ఆయన. "నిన్నటి నుంచి కొంచెం కంగారుగా ఉంది. ఆవిడ తరఫున నేను..."

"నేను ఆవిణ్ని అడుగుతున్నాను."

"ఇందులో ఒక్కటీ నాది కాదు సార్" అన్నాను. "నేను వేసినవి నూటికి పైనే ఉంటాయి. అన్నీ గన్‌తోనే వేశాను. మిగతావి గంటక్క వేసింది, అవీ గన్‌తోనే. నిన్న అచ్చు తడిగా ఉందని ఆమె చెప్పింది. పెట్టె తీయమని నేను అడిగాను. మా ఇద్దరి మాటా ఎవరూ వినలేదు."

"మరి ఈ సంతకాలు ఎవరివి?"

"నా భర్తవి."

మేనేజర్ ముందు తేరుకుని నవ్వాడు. "ఇది మొగుడూ పెళ్లాల గొడవలా ఉంది సార్. ఇంట్లో ఏదో మాటా మాటా అనుకుని ఉంటారు. మనం పట్టించుకుంటే ఎలా?"

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. "నా మాట నమ్మొద్దు సార్" అన్నాను. "స్టోరు తెరిపించండి. పెట్టెతో ఒక్కో అతుక్కి ఒక్కో వత్తి అయిపోతుంది. రెండు వందల ఆరు అతుకులు వేస్తే అన్ని వత్తులూ అయిపోయి ఉండాలి కదా. ఎన్ని మిగిలాయో మీరే చూడండి."

మేనేజర్ తాళంచెవి కోసం అన్ని జేబులూ వెతుక్కున్నాడు. చివరికి మొదట వెతికిన జేబులోనే దొరికింది. పెట్టె పై అరలో ఉంది. పక్కనే వత్తుల ప్యాకెట్లు, వచ్చినవి వచ్చినట్టే, సీలు కూడా చింపలేదు. వాటి మీద దుమ్మును అధికారి వేలితో గీసి చూశాడు. "దీన్ని ఎలా వాడతారో చూపించండి" అని పెట్టెను మా ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక నా వైపు చూశాడు. పరీక్షకు నేను ప్రశ్నలు అడిగే రోజుల్లో జవాబు రాకపోతే అలాగే చూసేవాడు. అప్పట్లో నేను అందించేదాన్ని. ఈసారి అందించలేదు.

అధికారి పెట్టె తీసుకుని నాకిచ్చాడు. నిన్న ఆగిపోయిన అతుకు దగ్గరికి వెళ్లాం. కొత్త సిలిండర్ వచ్చింది. అచ్చును నిదానంగా, చెమ్మ అన్నది లేకుండా కాచాను. తీగలు బిగించి, బిళ్ల వేసి, మందు పోసి, వత్తి గుచ్చి మూత వేశాను. కందకం ఎక్కి, తీగ సాగినంత దూరం నడిచి, రెండు బొత్తాలూ కలిపి నొక్కి పట్టుకున్నాను. రెండు క్షణాలు గడిచాయి. కింద తెల్లగా వెలిగింది, కాస్త పొగ లేచింది, అయిపోయింది. నా చేతికి వెచ్చదనం కూడా తగల్లేదు. ఇంతేనా? ఇంత తేలికా? ఏడాదిగా అర మీద కూచున్నది ఇదా? నాకు ఏడుపొచ్చింది, కానీ అది ఏడుపు కాదు. ఆ పెట్టెను మేనేజర్ ముఖాన కొట్టాలనిపించింది. మా ఆయన ముఖాన కూడా. కొట్టలేదు. పెట్టె పాడవుతుంది, రేపటి నుంచి అది నాకు కావాలి.

మధ్యాహ్నానికల్లా మేనేజర్‌నీ మా ఆయన్నీ పనిలోంచి ఆపేశారు. గంటక్క మీద మేనేజర్ అప్పటికే రాసిపెట్టిన నివేదికను అధికారి అడ్డంగా కొట్టేసి, పక్కన నా మాటలు రాయించి, నా ముందు పెట్టాడు. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాను.

గేటు దగ్గర మా ఆయన స్కూటర్ స్టార్ట్ చేసి నిలబడి ఉన్నాడు. "ఎక్కు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం. అమ్మకి ఏమని చెప్పను నేను? ఇంత పని చేస్తావా నువ్వు? సొంత మొగుణ్ని!" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. కాపలా మనిషి తల తిప్పుకున్నాడు. నేను స్కూటర్ పక్కనుంచి నడిచి, రోడ్డు దాటి, ఆసుపత్రి వైపు వెళ్లే బస్సెక్కాను.

గంటక్క కుడివైపు ముఖమంతా కట్టు. ఎడమ కన్నుతో నన్ను గుర్తుపట్టి, చెయ్యి చాపింది. జరిగిందంతా చెప్పాను. మెచ్చుకోలేదు, ఏడవలేదు.

"నా తప్పని రాసింది కొట్టేశారా?"

"కొట్టేశారు."

"నీ కళ్లతో చూశావా?"

"చూశానక్కా."

"పూర్తిగా కొట్టేశారా, ఏదో ఒక మూల ఉంచారా?"

"పూర్తిగా."

అప్పుడు ఊపిరి వదిలింది. కాళ్లు కాస్త ముడుచుకుని, మంచం అంచున నాకు చోటిచ్చింది. నర్సు వచ్చి మందు చుక్కలు వేసి వెళ్లింది. కిటికీ అవతల ఎవరో బకెట్లు కడుగుతున్నారు.

"మరి ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చెప్తావే?" అంది గంటక్క.

"చెప్పాల్సింది చెప్పేశానక్కా. ఇక వాళ్లు చెప్పేది వినడానికి వెళ్లాలా, వద్దా అని ఆలోచిస్తున్నాను."